ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర బోర్డు ఆగిపోతే ఎక్కడ తెగిందో పట్టుకోవడం: యూ-బూట్ నుంచి స్విచ్-రూట్ దాకా

బోర్డు బూట్ అవ్వట్లేదు అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే, సీరియల్ కన్సోల్‌లో (బోర్డు తన బూట్ మెసేజ్‌లు బయటికి పంపే సీరియల్ లైన్) వచ్చిన చివరి లైన్ ఏంటి అని. చాలామంది అది చూడకుండానే కెర్నెల్ కాన్ఫిగ్ మార్చేస్తారు, కంప్రెషన్ మార్చేస్తారు, ఇంకో యూ-బూట్ (కెర్నెల్‌ని లోడ్ చేసి మొదలుపెట్టే బూట్‌లోడర్) వేసేస్తారు, మూడూ ఒకేసారి మార్చాక ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలీదు. నిజానికి ఈ దారిలో చేతులు మారే చోట్లు ఐదే ఉన్నాయి: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌ని (అసలు రూట్ ఫైల్‌సిస్టమ్ దొరికేదాకా రామ్‌లో నడిచే చిన్న తాత్కాలిక రూట్) యూ-బూట్ రామ్‌లోకి తేవాలి, అది ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పాలి, కెర్నెల్ దాన్ని విప్పాలి, విప్పాక అందులోని /ఇనిట్ అనే మొదటి ప్రోగ్రామ్ నడపాలి, ఆ /ఇనిట్ అసలు రూట్ ఫైల్‌సిస్టమ్‌కి మారాలి. ఒక్కోచోట తెగితే ఒక్కో రకం లైన్ పడుతుంది, కాబట్టి చివరి లైన్ సరిగ్గా చదివితే వెతకాల్సిన చోటు ఐదింట్లో ఒకటికి తగ్గిపోతుంది.

ఉదాహరణకి బీగల్‌బోన్ బ్లాక్ తీసుకుంటున్నా, ఎందుకంటే చాలామంది దగ్గర ఉండే బోర్డు, 512 ఎంబీ రామ్, 32 బిట్ ఆర్మ్, మెయిన్‌లైన్ కెర్నెల్ బానే నడుస్తుంది. వేరే బోర్డు అయితే అడ్రస్‌లు, కన్సోల్ పేరు మారతాయి అంతే, పద్ధతి ఇదే.

ముందు కన్సోల్ సంగతి

బీగల్‌బోన్ మీద జే1 అని 6 పిన్నుల హెడర్ ఉంటుంది. 1వ పిన్ గ్రౌండ్, 4 బోర్డు వినేది, 5 బోర్డు పంపేది. 3.3 వోల్ట్ల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ మాత్రమే వాడండి, 5 వోల్ట్లది పెట్టొద్దు, పిన్ను పోతే బోర్డే పోయినట్టు. స్పీడ్ 115200. మినీకామ్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లోకెళ్ళి హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆఫ్ చేయండి, అది ఆన్‌లో ఉంటే అవుట్‌పుట్ కనిపిస్తుంది గానీ మనం టైప్ చేసింది బోర్డుకి చేరదు. లాగ్‌ని ఫైల్‌లోకి సేవ్ అయ్యేట్టు పెట్టుకోండి, స్క్రీన్ మీద పైకి జరిగిపోయిన లైన్‌లోనే అసలు విషయం ఉంటుంది చాలాసార్లు.

"స్టార్టింగ్ కెర్నెల్" అని పడి తర్వాత ఏమీ రాకపోతే వెంటనే రామ్‌డిస్క్‌ని, అంటే ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌ని, అనుమానించకండి. కెర్నెల్ లోపల శుభ్రంగా నడుస్తూ ఉండొచ్చు, బూట్‌ఆర్గ్స్‌లో (యూ-బూట్ కెర్నెల్‌కి ఇచ్చే ఆప్షన్ల లైన్) కన్సోల్= దగ్గర పేరు తప్పయితే మనకి కనబడదు అంతే. ఈ బోర్డులో పాత సీరియల్ డ్రైవర్ ఉన్నప్పుడు పేరు టీటీవై తర్వాత ఇంగ్లీష్ ఓ అక్షరం, సున్నా, కొత్త డ్రైవర్‌తో ఓ బదులు ఎస్ వచ్చింది, పాత గైడ్లలో మొదటిదే ఉంటుంది కాబట్టి కాపీ కొట్టేముందు చూస్కోండి. బూట్‌ఆర్గ్స్‌లో ఎర్లీకాన్, ఇగ్నోర్-లాగ్‌లెవెల్ చేర్చండి, క్వైట్ ఉంటే తీసేయండి. ప్యానిక్ అంటే కెర్నెల్ ఇక ముందుకెళ్ళలేక ఆగిపోవడం, ప్యానిక్=5 లాంటిది ఉంటే దాన్ని 0 చేయండి, లేకపోతే చదివేలోపే రీబూట్ అయిపోతుంది.

మీ దగ్గరున్నది ఇనిట్‌ఆర్‌డీనా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నా

అందరూ రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, యూ-బూట్ కూడా రెండింటినీ రామ్‌డిస్క్ అనే అంటుంది. పాత ఇనిట్‌ఆర్‌డీ అంటే ఈఎక్స్‌టీ2 లాంటి ఫైల్‌సిస్టమ్ ఇమేజ్, /డెవ్/రామ్0 మీద మౌంట్ అవుతుంది, దానికి బ్లాక్ డివైస్ డ్రైవర్, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ రెండూ కెర్నెల్‌లో ఉండాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే సీపీఐఓ ఆర్కైవ్, 2.6 కెర్నెల్ నుంచి ఇదే దారి, కెర్నెల్ దాన్ని నేరుగా రామ్‌లోని రూట్‌ఎఫ్‌ఎస్‌లోకి విప్పేస్తుంది. మీ పీసీలో ఫైల్ కమాండ్ కొట్టి, జీజిప్ విప్పాక ఏమొస్తుందో చూడండి, "సీపీఐఓ ఆర్కైవ్" అని రావాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ గురించే, కొత్త ప్రాజెక్టులో పాతది వాడటానికి నాకైతే కారణం కనబడదు.

యూ-బూట్ దగ్గర: సైజు అనే చిన్న విషయం

నా దృష్టిలో ఎక్కువమంది టైమ్ తినేసేది ఈ మెట్టే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఈ బోర్డుకి యూ-బూట్ డిఫాల్ట్ అడ్రస్‌లు హెక్స్‌లో ఇలా ఉంటాయి: కెర్నెల్‌కి 82000000, డివైస్ ట్రీకి (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కి చెప్పే ఫైల్) 88000000, రామ్‌డిస్క్‌కి 88080000. రామ్ 80000000 దగ్గర మొదలవుతుంది కాబట్టి కెర్నెల్ 32 ఎంబీ పైన, డివైస్ ట్రీ 128 ఎంబీ పైన, దాని తర్వాత 512 కేబీ వదిలి రామ్‌డిస్క్ అన్నమాట. ఇవి ఊరికే పెట్టిన నంబర్లు కావు, కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఆర్మ్ బూటింగ్ గురించి రాసిన పేజీలో సేఫ్ అని చెప్పింది ఇదే లేఅవుట్. జెడ్‌ఇమేజ్, అంటే కంప్రెస్ చేసిన కెర్నెల్ ఫైల్, తనని తాను రామ్ మొదట్లోకి విప్పుకుంటుంది, విప్పాక దాని సైజు మీరు లోడ్ చేసిన ఫైల్ కంటే చాలా పెద్దది, మధ్యలో మీ రామ్‌డిస్క్ ఉంటే దాని మీద రాసేస్తుంది, ఏ ఎర్రరూ రాదు, తర్వాత విప్పేటప్పుడు చెత్త కనిపిస్తుంది. 64 బిట్ ఆర్మ్‌లోనూ ఇదే కథ ఇంకో రూపంలో ఉంటుంది: ఇమేజ్ ఫైల్ సైజు చూసి దాని పక్కనే రామ్‌డిస్క్ పెడితే, ఫైల్‌లో కనబడని బీఎస్‌ఎస్ భాగాన్ని కెర్నెల్ సున్నాలతో నింపేటప్పుడు మీ ఆర్కైవ్ మొదటి భాగం పోతుంది. డిఫాల్ట్ అడ్రస్‌లు ఉన్నప్పుడు మార్చకండి, మార్చాలంటే ఖాళీ ఎక్కువ వదలండి.

ఇప్పుడు సైజు. మామూలు, అంటే యూ-బూట్ కోసం ఎంకేఇమేజ్ టూల్ చేర్చే హెడర్ లేని రామ్‌డిస్క్‌ని బూట్‌జెడ్‌కి (జెడ్‌ఇమేజ్‌ని బూట్ చేసే యూ-బూట్ కమాండ్) ఇచ్చేటప్పుడు అడ్రస్ పక్కన కోలన్ పెట్టి సైజు ఇవ్వాలి. ఇవ్వకపోతే "రాంగ్ రామ్‌డిస్క్ ఇమేజ్ ఫార్మాట్" అని అక్కడే ఆగుతుంది, ఇది మంచి తప్పు, కనీసం చెప్పి ఆగుతుంది. చెప్పకుండా ఏడిపించేది ఇంకోటి ఉంది. యూ-బూట్ ఏ ఫైల్ లోడ్ చేసినా దాని సైజుని ఫైల్‌సైజ్ అనే వేరియబుల్‌లో పెడుతుంది, ప్రతి లోడ్‌కీ అదే వేరియబుల్. మీరు ముందు కెర్నెల్, తర్వాత రామ్‌డిస్క్, చివర్లో డివైస్ ట్రీ లోడ్ చేసి, బూట్‌జెడ్‌లో రామ్‌డిస్క్ సైజు బదులు ఫైల్‌సైజ్ అని రాస్తే అందులో ఉన్నది డివైస్ ట్రీ సైజు, అంటే కొన్ని పదుల కేబీ. యూ-బూట్ సంతోషంగా అంత ముక్కే కెర్నెల్‌కి ఇస్తుంది, మీ 5 ఎంబీ ఆర్కైవ్‌లో మొదటి తుంపు మాత్రమే వెళ్తుంది. ఫైల్ పీసీలో టెస్ట్ చేస్తే బానే ఉంటుంది, బోర్డులో మాత్రం పాడైందంటుంది, దాంతో కార్డు పోయిందనో రామ్ పోయిందనో అనుకుంటారు.

దీనికి రామ్‌డిస్క్‌ని అన్నిటికంటే చివర్లో లోడ్ చేయండి, లేదా లోడ్ అవ్వగానే సెట్‌ఎన్వ్‌తో ఆర్‌డీసైజ్ అని ఇంకో వేరియబుల్‌లోకి ఫైల్‌సైజ్ విలువ దాచుకోండి. రెండోదే నయం, రేపు ఎవరైనా స్క్రిప్ట్‌లో లైన్లు అటూ ఇటూ మార్చినా చెడదు. చేత్తో సైజు టైప్ చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, యూ-బూట్‌లో నంబర్లన్నీ హెక్స్, పీసీలో ఎల్ఎస్ చూపించే సైజు దశాంశం.

సరిగ్గా చేరిందో లేదో రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి, "లోడింగ్ రామ్‌డిస్క్ టు" అనే లైన్‌లో మొదలు, చివర అడ్రస్‌లు ఉంటాయి, తేడా తీయండి, హెక్స్‌లో 500000 వస్తే 5 ఎంబీ, ఇది మీ ఫైల్ సైజుకి సరిపోవాలి. రెండు, లోడ్ అయ్యాక సీఆర్‌సీ32 అనే చెక్‌సమ్ కమాండ్‌కి ఆ అడ్రస్, సైజు ఇచ్చి వచ్చిన విలువని పీసీలో అదే ఫైల్‌కి తీసిన సీఆర్‌సీ32తో పోల్చండి. రెండూ కలిస్తే స్టోరేజ్, నెట్‌వర్క్, కేబుల్ అన్నీ నిర్దోషులు, ఇక వాటి జోలికి పోవక్కర్లేదు. ఎండీ డాట్ బీ కమాండ్‌తో మొదటి బైట్లు చూసినా చాలు, జీజిప్ అయితే 1ఎఫ్ 8బీ తో మొదలవ్వాలి.

ఫిట్ ఇమేజ్ (కెర్నెల్, డివైస్ ట్రీ, రామ్‌డిస్క్ అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టే యూ-బూట్ ఫార్మాట్) వాడేవాళ్ళకి ఈ సైజు గొడవ ఉండదు, పైగా హ్యాష్ చెక్ కూడా అదే చేస్తుంది. అందులో రామ్‌డిస్క్ నోడ్‌కి కంప్రెషన్ దగ్గర నన్ అనే రాయండి, లోపల ఉన్నది జీజిప్ అయినా సరే, ఎందుకంటే విప్పాల్సింది కెర్నెల్, యూ-బూట్ కాదు.

కెర్నెల్‌కి కనబడిందా

యూ-బూట్ ఆ అడ్రస్‌ని డివైస్ ట్రీలో చోజెన్ అనే నోడ్‌లో లినక్స్,ఇనిట్‌ఆర్‌డీ-స్టార్ట్, లినక్స్,ఇనిట్‌ఆర్‌డీ-ఎండ్ అని రాస్తుంది. కెర్నెల్ అవి చదివి, ఆ చోటు నిజంగా రామ్‌లో ఉందా, ఇంకెవరైనా వాడుతున్నారా అని చూస్తుంది. నచ్చకపోతే "ఈజ్ నాట్ ఎ మెమరీ రీజియన్ - డిజేబ్లింగ్ ఇనిట్‌ఆర్‌డీ" అనో "ఓవర్‌ల్యాప్స్ ఇన్-యూజ్ మెమరీ రీజియన్" అనో లాగ్ మొదట్లోనే ఒక్క లైన్ వేసి ముందుకెళ్ళిపోతుంది, ప్యానిక్ మాత్రం చాలా కిందికి వెళ్ళాక వస్తుంది. అందుకే చివరి లైన్ పట్టుకున్నాక అక్కడి నుంచి పైకి చదువుతూ రావాలి.

1 జీబీ, 2 జీబీ ఉన్న 32 బిట్ బోర్డుల్లో ఇంకోటి ఉంది. యూ-బూట్ రామ్‌డిస్క్‌ని రామ్ పై చివరకి జరుపుతుంది, కానీ కెర్నెల్ మామూలు సెట్టింగ్‌లో నేరుగా చూడగలిగే లోమెమ్ సుమారు 760 ఎంబీ, దాని పైన పడితే పని అవ్వదు. ఇంటర్నెట్‌లో అందరూ ఇనిట్‌ఆర్‌డీ-హై, ఎఫ్‌డీటీ-హై రెండింటికీ ఎనిమిది ఎఫ్‌లు పెట్టమంటారు, అంటే అసలు జరపొద్దని. నాకు ఆ పద్ధతి నచ్చదు, అది జబ్బుని దాచేస్తుంది, పైగా డివైస్ ట్రీ సరైన అలైన్‌మెంట్‌లో లేకపోతే కొత్త సమస్య తెస్తుంది. దానికి బదులు బూట్ఎం-సైజ్‌కి హెక్స్‌లో 10000000, అంటే 256 ఎంబీ ఇవ్వండి, ఆ హద్దులోపలే జరుపుకుంటుంది, బీగల్‌బోన్ యూ-బూట్‌లో డిఫాల్ట్‌గా ఉన్నదీ అదే.

ఇంతకీ "ట్రయింగ్ టు అన్‌ప్యాక్ రూట్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ యాజ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అనే లైన్ లాగ్‌లో అస్సలు లేకపోతే, డిజేబ్లింగ్ లైన్ కూడా లేకపోతే, కెర్నెల్ కాన్ఫిగ్‌లో బీఎల్‌కే-డెవ్-ఇనిట్‌ఆర్‌డీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది లేకపోతే కెర్నెల్ మీ రామ్‌డిస్క్‌ని అసలు పట్టించుకోదు.

విప్పేటప్పుడు

ఇక్కడ గొడవలు సూటిగా ఉంటాయి. "కంప్రెషన్ మెథడ్ నాట్ కాన్ఫిగర్డ్" అంటే ఆ పద్ధతికి ఆర్‌డీ-జీజిప్, ఆర్‌డీ-ఎక్స్‌జెడ్ లాంటి ఆప్షన్ ఆన్ చేయాలి. ఎక్స్‌జెడ్ వాడితే చెక్ సీఆర్‌సీ32 అని చెప్పి కంప్రెస్ చేయాలి, డిఫాల్ట్ సీఆర్‌సీ64 కెర్నెల్‌కి నచ్చదు. ఎల్‌జెడ్4 అయితే లెగసీ ఫార్మాట్ కోసం మైనస్ ఎల్ ఇవ్వాలి. ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే జీజిప్‌తో మొదలుపెట్టండి, అన్నీ నడిచాక మార్చుకోవచ్చు. "జంక్" అనే మాటతో ఎర్రర్ వస్తే ఆర్కైవ్ తెగిపోయిందో మీద ఏదో రాసిందో, పైన చెప్పిన సైజు, ఓవర్‌ల్యాప్ దగ్గరికి వెనక్కి వెళ్ళండి. "రైట్ ఎర్రర్" అయితే చోటు చాల్లేదు, రూట్‌ఎఫ్‌ఎస్ టీఎంపీఎఫ్‌ఎస్ (రామ్‌లోనే ఉండే ఫైల్‌సిస్టమ్) అయినప్పుడు రామ్‌లో సగం వరకే తీసుకుంటుంది, 64 ఎంబీ బోర్డులో 40 ఎంబీ విప్పాలంటే కుదరదు.

సీపీఐఓ చేసేటప్పుడు ఫార్మాట్ న్యూసీ అని తప్పకుండా ఇవ్వాలి. ఇంకోటి, ఫోల్డర్ లోపలికి వెళ్ళి ఫైండ్ డాట్ చేసి పైప్ చేయాలి. బయట నుంచి చేస్తే ఆర్కైవ్‌లో పాత్‌లన్నీ రూట్‌ఎఫ్‌ఎస్/ఇనిట్ లాగా వస్తాయి, కెర్నెల్ /ఇనిట్ కోసం వెతికితే దొరకదు. ఆర్కైవ్‌ని సీపీఐఓ కమాండ్‌కి ఐటీవీ ఆప్షన్లు ఇచ్చి లిస్ట్ చేసి పై స్థాయిలోనే ఇనిట్ ఉందా, ముందు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉందా చూడండి, పది సెకన్ల పని.

వీఎఫ్‌ఎస్ ప్యానిక్‌ని సరిగ్గా చదవడం

"వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)". ఇది చూసి అందరూ రూట్= మార్చడం మొదలుపెడతారు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వాడుతున్నప్పుడు ఈ లైన్ వచ్చిందంటే అర్థం వేరే: కెర్నెల్‌కి /ఇనిట్ దొరకలేదు, కాబట్టి పాత పద్ధతిలో తానే రూట్ మౌంట్ చేయబోయింది. అంటే ఆర్కైవ్ రాలేదు, లేదా విప్పలేదు, లేదా విప్పినా /ఇనిట్ అక్కడ లేదు. బ్రాకెట్‌లో (179,2) లాంటిది ఉంటే 179 ఎంఎంసీ (ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీ) మేజర్ నంబర్, అంటే డివైస్ కనబడింది, ఫైల్‌సిస్టమ్ చదవలేకపోయింది. అయినా మన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పని చేయలేదన్న సంగతి మాత్రం అదే.

/ఇనిట్ నడవట్లేదు

"ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ /ఇనిట్ (ఎర్రర్ -2)". మైనస్ 2 అంటే ఫైల్ లేదు అని. కానీ ఫైల్ ఉంది కదా అని జుట్టు పీక్కుంటారు. ఫైల్ ఉంది నిజమే, లేనిది దాన్ని నడిపేది. /ఇనిట్ షెల్ స్క్రిప్ట్ అయితే మొదటి లైన్‌లో రాసిన /బిన్/ఎస్‌హెచ్ ఆర్కైవ్‌లో ఉందా చూడండి. ఉన్నా రాకపోతే ఆ స్క్రిప్ట్‌ని ఎవరైనా విండోస్‌లో ఎడిట్ చేశారేమో చూడండి, లైన్ చివర కనబడని క్యారేజ్ రిటర్న్ చేరితే కెర్నెల్ ఆ అక్షరంతో కలిపి ఫైల్ పేరుగా వెతుకుతుంది. క్యాట్ మైనస్ ఏ కొడితే బయటపడుతుంది.

బిజీబాక్స్ (షెల్, మామూలు కమాండ్లు ఒకే బైనరీలో ఉండే ప్రోగ్రామ్) డైనమిక్‌గా బిల్డ్ అయితే, అంటే లైబ్రరీలు బయట ఉంటే, డైనమిక్ లోడర్ కావాలి. పీసీలో ఎల్‌డీడీ కొట్టడం ఇక్కడ పనికిరాదు, అది ఆర్మ్ బైనరీ. రీడ్ఎల్ఫ్ మైనస్ ఎల్ కొట్టి "రిక్వెస్టింగ్ ప్రోగ్రామ్ ఇంటర్‌ప్రెటర్" లైన్ చూడండి. హార్డ్ ఫ్లోట్ జీలిబ్‌సీ అయితే /లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఆర్మ్‌హెచ్ఎఫ్ డాట్ ఎస్ఓ డాట్ 3 అని, సాఫ్ట్ ఫ్లోట్ అయితే ఆర్మ్‌హెచ్ఎఫ్ లేకుండా, జీలిబ్‌సీ బదులు మజల్ అనే సీ లైబ్రరీ అయితే ఇంకో పేరు ఉంటుంది. ఆ పేరు, ఆ పాత్ అక్షరం తేడా లేకుండా ఆర్కైవ్‌లో ఉండాలి, /లిబ్ లింక్ అయితే అది చూపించే చోటు కూడా ఉండాలి. ఈ మెట్టు వరకు స్టాటిక్ బిజీబాక్స్ వాడితే ఈ తలనొప్పి మొత్తం పోతుంది.

-13 అంటే ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేదు. -8 అంటే కెర్నెల్‌కి ఆ ఫార్మాట్ తెలీదు, వేరే ఆర్కిటెక్చర్ బైనరీ అయ్యుండొచ్చు, లేదా స్క్రిప్ట్‌కి కావాల్సిన బిన్ఎఫ్ఎంటీ-స్క్రిప్ట్ కాన్ఫిగ్‌లో లేకపోవచ్చు, సైజు తగ్గించాలని కాన్ఫిగ్ చెక్కేసినప్పుడు ఇది ఎగిరిపోతుంటుంది.

/ఇనిట్ మొదలై మధ్యలో చచ్చిపోతే "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అని ఎగ్జిట్‌కోడ్‌తో సహా వస్తుంది. చివర 0100 ఉంటే స్క్రిప్ట్ 1తో బయటికి వచ్చింది, 7ఎఫ్00 ఉంటే 127, అంటే ఏదో కమాండ్ దొరకలేదు. 000బీ అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్. 0004 అంటే ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్, ఆర్మ్ వీ7కి బిల్డ్ చేసిన బిజీబాక్స్‌ని మొదటి తరం రాస్‌ప్‌బెర్రీ పై జీరో లాంటి వీ6 మీద నడిపితే ఇదే వస్తుంది.

"అనేబుల్ టు ఓపెన్ యాన్ ఇనిషియల్ కన్సోల్" అని వచ్చి తర్వాత నిశ్శబ్దమైతే /డెవ్/కన్సోల్ నోడ్ లేదు, క్యారెక్టర్ డివైస్ 5,1. కెర్నెల్‌లోనే కలిపేసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఇది ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే బయట నుంచి ఇచ్చినప్పుడు కెర్నెల్ తన సొంత చిన్న ఆర్కైవ్‌లో ఉన్న కన్సోల్ నోడ్‌తో నెట్టుకొస్తుంది, మీరు మీది కలిపితే అది పోతుంది. ఇంకో విషయం, డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ (/డెవ్‌లో డివైస్ నోడ్లు కెర్నెలే నింపే ఫైల్‌సిస్టమ్) ఆటో మౌంట్ ఆప్షన్ ఆన్ చేసినా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కి వర్తించదు, స్క్రిప్ట్‌లో మీరే మౌంట్ చేయాలి.

ఈ మెట్టులో బాగా పనికొచ్చేది ఆర్‌డీఇనిట్=/బిన్/ఎస్‌హెచ్. బూట్‌ఆర్గ్స్‌లో ఇది పెడితే స్క్రిప్ట్ పక్కనపెట్టి నేరుగా షెల్ ఇస్తుంది. జాబ్ కంట్రోల్ లేదని అంటుంది, పర్లేదు. ప్రాక్, సిస్, డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ చేత్తో మౌంట్ చేసి, మీ స్క్రిప్ట్‌లోని లైన్లు ఒక్కోటీ టైప్ చేస్తూ పోతే ఎక్కడ తెగిందో కళ్ళముందే కనిపిస్తుంది. ఇనిట్= అని రాస్తే పని చేయదు, అది అసలు రూట్‌కి సంబంధించినది.

అసలు రూట్‌కి మారేటప్పుడు

రూట్‌వెయిట్ పెట్టాను అయినా ఎంఎంసీ రాకముందే మౌంట్ చేస్తోంది అంటారు. రూట్=, రూట్‌వెయిట్ రెండూ కెర్నెల్ తానే రూట్ మౌంట్ చేసేటప్పుడు చదివేవి, /ఇనిట్ నడిచిందంటే కెర్నెల్ ఆ పని మానేసింది. వాటిని చదివి పాటించాల్సింది మీ స్క్రిప్టే. డివైస్ నోడ్ వచ్చేదాకా చిన్న లూప్ పెట్టండి, 10 సెకన్లు చూసి రాకపోతే షెల్‌లోకి దించండి. యూ-బూట్ వాచ్‌డాగ్ (టైమ్‌కి తట్టకపోతే బోర్డుని రీసెట్ చేసే టైమర్) ఆన్ చేసి ఇచ్చే బోర్డు అయితే ఆ షెల్‌లో ఉన్నప్పుడు కూడా వాచ్‌డాగ్‌ని తడుతూ ఉండాలి, లేకపోతే మీరు ఆలోచిస్తుండగానే రీసెట్ అవుతుంది, అది ఇంకో కొత్త క్రాష్ అనుకుని దాని వెంట పడతారు.

నోడ్ ఎంతకీ రాకపోతే డీమెసేజ్ చూడండి. డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే ఆ మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండాలి, యూనేమ్ మైనస్ ఆర్ చూపించే వెర్షన్ పేరుతోనే ఫోల్డర్ ఉండాలి, కెర్నెల్ మార్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పాతదే వదిలేస్తే ఇక్కడే దొరికిపోతారు. ఎంఎంసీ డ్రైవర్ ఉన్నా దానికి కరెంటిచ్చే రెగ్యులేటర్ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉండిపోతే ఎంఎంసీ ఎదురుచూస్తూ కూర్చుంటుంది, ఎర్రర్ కూడా వేయదు. డీబగ్‌ఎఫ్‌ఎస్ మౌంట్ చేసి డివైసెస్-డిఫర్డ్ అనే ఫైల్ చదివితే ఎవరు ఆగారో పేరుతో సహా ఉంటుంది, ఈ ఫైల్ గురించి చాలామందికి తెలీదు, నిజంగా బంగారం లాంటిది.

ఎంఎంసీబీఎల్‌కే 0నా 1నా అన్నది ప్రోబ్ అయ్యే క్రమాన్ని బట్టి మారొచ్చు, ఈ బోర్డులో ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీ రెండూ ఉన్నాయి కాబట్టి యూయూఐడీతోనో లేబుల్‌తోనో వెతకండి.

చివర్లో స్విచ్-రూట్, అంటే తాత్కాలిక రూట్ వదిలి అసలు రూట్‌కి మార్చే కమాండ్. దాని ముందు ఎగ్జెక్ ఉండాల్సిందే, ఎందుకంటే అది పీఐడీ 1గానే (కెర్నెల్ మొదలుపెట్టే మొదటి ప్రాసెస్) నడవాలి, ఎగ్జెక్ లేకుండా పిలిస్తే చైల్డ్ ప్రాసెస్ అయిపోయి ఒప్పుకోదు, వెనక స్క్రిప్ట్ ముగిసిపోయి ప్యానిక్ వస్తుంది. పివట్-రూట్ వాడకండి, రూట్‌ఎఫ్‌ఎస్ మీద అది చెల్లదు. మారేముందు డెవ్, ప్రాక్, సిస్ మౌంట్లని కొత్త రూట్ కిందకి మూవ్ చేయండి, కొత్త రూట్‌లో ఆ మూడు ఖాళీ ఫోల్డర్లు, /ఎస్‌బిన్/ఇనిట్ ఉన్నాయో లేదో స్క్రిప్ట్‌లోనే ఒకసారి చూసి, లేకపోతే మారకుండా షెల్ ఇచ్చేట్టు రాయండి.

ఎటూ తేలకపోతే సగానికి కోయండి

కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-సోర్స్ దగ్గర మీ సీపీఐఓ ఫైల్ పాత్ ఇచ్చి కెర్నెల్‌లోనే కలిపేయండి. బోర్డు ఇమేజ్ తయారుచేసే టూల్స్ వాడుతుంటే, యోక్టోలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-ఇమేజ్-బండిల్ 1 అని పెట్టొచ్చు, బిల్డ్‌రూట్‌లో ఫైల్‌సిస్టమ్ ఇమేజెస్ మెనూలో ఆప్షన్ ఉంది. అప్పుడు బూట్‌జెడ్‌లో రామ్‌డిస్క్ స్థానంలో మైనస్ గుర్తు పెడితే చాలు. ఇలా బూట్ అయితే ఆర్కైవ్ లోపల తప్పు లేదు, తప్పు యూ-బూట్ అడ్రస్, సైజు వైపే. అవ్వకపోతే యూ-బూట్‌ని వదిలేసి ఆర్కైవ్ మీద కూర్చోండి, అదే సీపీఐఓని పీసీలో క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో వర్ట్ అనే మెషీన్ మీద వీ7 కెర్నెల్‌తో నడిపి చూడొచ్చు, అక్కడ కన్సోల్ పేరు టీటీవైఏఎంఏ0. కార్డు తీసి పెట్టే పని లేకుండా నిమిషానికో మార్పు టెస్ట్ చేసుకోవచ్చు, /ఇనిట్ స్క్రిప్ట్ తప్పులు దాదాపు అన్నీ అక్కడే బయటపడతాయి, బోర్డుకి మిగిలేది డ్రైవర్ల సంగతి మాత్రమే.